మోతీ ఎవరి కుక్క?

ఈసారి చరిత్ర వ్యాసానికి మా సోషల్ సార్ ఒకే ఒక్క షరతు పెట్టారు. "పుస్తకంలో ఉన్నదే మళ్లీ రాసి తేవద్దు. మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలయ్యే చరిత్ర రాయండి" అన్నారు. మా తరగతిలో ఒకరు బట్టల మిల్లుల గురించి రాస్తామన్నారు. ఒకరు 1896 నాటి ప్లేగు గురించి, ఇంకొకరు కామాఠీపురకు ఆ పేరెలా వచ్చిందో రాస్తామన్నారు. నేను లేచి "కుక్కల గురించి రాస్తాను సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "కుక్కల గురించా, కుక్కల్ని పెంచే మనుషుల గురించా?" అని అడిగారు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే తోచింది.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఈ చరిత్ర చెబితే అర్థం ఉండదు.

మేముండేది ముంబైలో, వర్లీలోని ఒక పాత చాల్‌లో. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, ముందు పొడుగాటి వరండా, చివర్న అందరికీ కలిపి పాయిఖానాలు. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక కుక్కపిల్ల తడిసి వణుకుతూ మా మెట్ల కిందికి వచ్చింది. నేను పాలు పోశాను. మోతీ అని పేరు పెట్టాను. అప్పటి నుంచి రాత్రిపూట మా గుమ్మం ముందే పడుకుంటది. నేను బడి నుంచి వస్తుంటే గేటు దాకా ఎదురొస్తది. కానీ దాని మెడకు పట్టా లేదు, టీకా లేదు, లైసెన్సు అంతకన్నా లేదు. పొద్దున్నే కిందికి పోయి ఎక్కడ పడితే అక్కడ దొడ్డికి కూర్చుని వచ్చేది. ఎక్కడ కూర్చుందో నేనెప్పుడూ చూడలేదు. చూస్తే శుభ్రం చేయాల్సి వస్తుందని చూడలేదు.

కిందటి జూలైలో పక్క గదిలోని రెండేళ్ల బాబు మెట్ల దగ్గర ఆడుకుంటూ మోతీ వేసిన పెంటలో చెయ్యి పెట్టాడు. అది నోట్లో పెట్టుకోబోతుంటే వాళ్లమ్మ చూసి కేక వేసింది. ఆ సాయంత్రమే చాల్ కమిటీ వాళ్లు అందరినీ పిలిచారు. "ఈ కుక్క ఎవరిది?" అని అడిగారు. అందరూ నా వైపే చూశారు. నేను తల దించుకుని "మాది కాదు, వీధి కుక్క" అన్నాను. అప్పుడు మోతీ నా కాళ్ల దగ్గరే కూర్చుని తోక ఊపుతోంది.

అందరూ వెళ్లిపోయాక మా చాల్ ఊడ్చే అత్త చీపురు గోడకు ఆనించి నన్ను పిలిచింది. ఆమెది పాలమూరు. రోజూ పొద్దున మోతీ వేసింది ఎత్తేది ఆమే. "పాలు పోసేటప్పుడు నీది, ఎత్తేటప్పుడు ఊరిదా బిడ్డా? కుక్క నీది, చీపురు నాది. గిదేం లెక్క?" అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

ఆ లెక్క తేల్చుకుందామని వెతికితే, "ఈ కుక్క ఎవరిది" అనే ప్రశ్న దాదాపు 200 ఏళ్ల కిందటే ఈ ఊరిని ఒకసారి కుదిపేసిందని తెలిసింది.

1832: కుక్కల కోసం బజార్లు బంద్

అప్పుడు బొంబాయి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. కామాఠీలని పిలిచే తెలుగు కూలీలు అప్పటికే ఇక్కడికి వచ్చి ఇళ్లు, రోడ్లు కట్టే పనుల్లో ఉన్నారు. వీధుల్లో కుక్కలు ఎక్కువ. పిచ్చికుక్క కరిస్తే మందు లేదు, చావే. కాబట్టి కుక్కలంటే కంపెనీ వాళ్లకున్న భయాన్ని ఉత్త భయం అనడానికి లేదు. 1813 నుంచే ఎండాకాలంలో కొన్ని వారాలు వీధి కుక్కల్ని చంపించే పద్ధతి పెట్టారు. 1832లో ఆ గడువును ఇంకా పొడిగించారు. చంపిన ఒక్కో కుక్కకు ఎనిమిది అణాల బహుమానం. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

డబ్బు ఆశ పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. పట్టేవాళ్లు వీధి కుక్కలతో ఆగలేదు. ఇళ్లలోకి, పెరళ్లలోకి దూరి పెంపుడు కుక్కల్ని కూడా లాక్కుపోయారు. బహుమానం ఇచ్చేవాళ్లు ఆ కుక్క ఎవరిదని అడగరు కదా.

పార్సీలకు కుక్క పవిత్రమైన ప్రాణి. వాళ్ల మతంలో మనిషి చనిపోయినప్పుడు శవం దగ్గరికి కుక్కను తెచ్చి చూపించే ఆచారం ఉంది. దాన్ని సగ్‌దీద్ అంటారు. 1832 జూన్ 6న, అది వాళ్లకు పండగ రోజు కూడా, కోట ప్రాంతంలో కుక్కల్ని పడుతున్న వాళ్లమీద పార్సీలు తిరగబడ్డారు. మర్నాడు బజార్లు మూతపడ్డాయి. హిందూ, జైన వ్యాపారులు కూడా కలిశారు. సైనికులకు వెళ్లే తిండి సామాన్లను అడ్డుకున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది, చాలామందిని అరెస్టు చేసింది. చరిత్రకారులు దీన్ని బొంబాయి కుక్కల అల్లర్లు అంటారు.

తర్వాత ఊరి పెద్దలు రాజీకి పూనుకున్నారు. చంపడానికి బదులు కుక్కల్ని ఊరి బయటికి తరలించాలని విన్నవించుకున్నారు. 1834లో సర్ జంషెట్జీ జీజీభాయ్, మోతీచంద్ అమీచంద్ వంటి వ్యాపారులు కలిసి భులేశ్వర్‌లో పాంజరాపోల్ పెట్టించారు. దిక్కులేని జంతువులకు అది ఆశ్రయం. అది ఇప్పటికీ ఉంది. ఇప్పుడు వెళ్తే ఎక్కువగా ఆవులు కనిపిస్తాయి కానీ, దాని పుట్టుక వెనక ఉన్నవి కుక్కలే.

ఇది చదువుతుంటే తెలుగు మేడమ్ చెప్పిన ఆదిపర్వంలోని సరమ కథ గుర్తుకొచ్చింది. జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడుగుతుంది. బొంబాయి కుక్కల తరఫున సరమ రాలేదు, బజార్ల వాళ్లు వచ్చారు. అంతే తేడా.

అయితే నాకు ఇంకో సంగతి కూడా కనిపించింది. ఆ గొడవలో కంపెనీ కుక్కను శిక్షించమంది. జనం కుక్కను కాపాడమన్నారు. కుక్కను పెంచే మనిషి ఏం చేయాలో మాత్రం రెండు పక్షాల గొడవలోనూ లేదు.

తాత కడుపు మీద 14 సూదులు

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి తన టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు మొదలయ్యాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకానే చాలా ఏళ్లు మన దేశమంతా వాడారు.

దాని సంగతి పుస్తకం కంటే మా తాత బాగా చెబుతాడు. రాత్రి పాళీ ముగించుకుని మిల్లు నుంచి నడిచి వస్తుంటే ఆయన్ను కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచారు. "కుక్క కరిచింది ఒక్కసారి, డాక్టర్ కరిచింది పద్నాలుగు సార్లు" అని నవ్వుతాడు. ఆ పాత రకం టీకా మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చేతికే కొన్ని డోసులు ఇస్తారు. కానీ రోగం బయటపడ్డాక మాత్రం ఇప్పటికీ బతకడం దాదాపు అసాధ్యం. అందుకే కుక్క కరిచినా గీరినా వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోవాలి. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబర్ 28ని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుకుంటారు.

టీకా వచ్చాక మనిషికి ఒక దారి దొరికింది. కుక్కకు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన నగరాల్లో మునిసిపాలిటీలు వీధి కుక్కల్ని చంపుతూనే వచ్చాయి. అయినా కుక్కలు తగ్గలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వీధిలో మనం పారేసే తిండి ఉన్నంత కాలం, చచ్చిన కుక్క స్థానంలోకి ఇంకోటి వస్తుంది, అదీ పిల్లల్ని పెడుతుంది. 1990లలో ముంబై, మద్రాసు వంటి నగరాలు చంపడం మాని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలే పద్ధతికి మారాయి. 2001లో కేంద్రం దాన్నే నియమాలుగా చేసింది. 2023లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి.

గొడవ మాత్రం తీరలేదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకవైపు కుక్కకాటుకు గురైన పిల్లల తల్లిదండ్రులు, ఇంకోవైపు జంతు ప్రేమికులు. ఇద్దరి బాధా నిజమే. ఆగస్టు 22న కోర్టు ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవాటిని, మీద పడి కరిచేవాటిని తప్ప, మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వదలమంది. టీవీలో ఆ వార్త చూస్తుంటే నాకు 1832 మళ్లీ జరిగినట్టే అనిపించింది.

తాడు రెండో కొసకు ఎవరున్నారు?

ఇప్పుడు మా సార్ ప్రశ్నకు వస్తాను. యజమాని గురించి చట్టం ఎప్పుడు మాట్లాడింది?

కరవడం విషయంలో ముందే మాట్లాడింది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ప్రమాదం గానీ పెద్ద గాయం గానీ జరగకుండా చూసుకోని యజమానిది నేరమని 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్ చెప్పింది. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షన్ అయింది. జరిమానా 5,000 రూపాయల దాకా పెరిగింది. ముంబైలో కుక్కకు తీసుకునే లైసెన్సు కూడా 1888 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం కిందే వస్తుంది.

పెంట విషయంలో మాత్రం చట్టాలు చాలాకాలం మౌనంగా ఉన్నాయి. ఇందులో ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ న్యూయార్క్. అక్కడ వీధుల్లో కుక్కల పెంట మీద ఏళ్ల తరబడి తగాదాలు నడిచాయి. చివరికి 1978 ఆగస్టు 1 నుంచి, ఎవరి కుక్క వేసింది వాళ్లే ఎత్తాలి, లేకుంటే 100 డాలర్ల దాకా జరిమానా అని చట్టం అమల్లోకి వచ్చింది. ఎవరు ఎత్తుతారులే అని మొదట్లో చాలామంది ఎగతాళి చేశారట. ఎత్తారు. పోలీసులకు భయపడి మాత్రమే కాదు, పక్కవాళ్లు చూస్తున్నారన్న సిగ్గుతో కూడా ఎత్తారు. తర్వాత చాలా ఊళ్లు అదే దారి పట్టాయి.

మన ముంబైలో 2006 నాటి స్వచ్ఛత, పారిశుద్ధ్య ఉపనియమాల్లో ఇది వచ్చింది. పెంపుడు జంతువు బహిరంగ స్థలంలో మురికి చేస్తే 500 రూపాయల జరిమానా అని అప్పుడు పెట్టారు. అంటే నేను పుట్టకముందే వచ్చిన రూల్. మా చాల్‌లో పదిమందిని అడిగితే ఒక్కరికీ తెలియదు. రోడ్డు మీద ఉమ్మితే జరిమానా అని మాత్రం అందరికీ తెలుసు.

ఈ రూల్ ఎందుకు అవసరమో సైన్సు మేడమ్‌ను అడిగాను. కుక్కల పేగుల్లో ఉండే నులిపురుగుల గుడ్లు పెంటతో బయటికొచ్చి మట్టిలో నెలల తరబడి బతుకుతాయని చెప్పారు. మట్టిలో ఆడి, చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకే అవి ఎక్కువగా అంటుకుంటాయట. మా పక్కింటి బాబు వయసు పిల్లలకు. పైగా ఇది ముంబై. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడ్డ ఊరు. వాన వస్తే వీధిలో ఉన్నదంతా మన మోకాళ్ల దాకా వస్తుంది. "కుక్క కింద వేసిందిలే, మనం పైన ఉన్నాం" అనుకోవడానికి లేదు.

కుక్క ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఇద్దరూ తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కుక్కను పెంచొద్దని ఏ హౌసింగ్ సొసైటీ కూడా నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అదే బోర్డు, బయటికి తీసుకెళ్తే తాడు కట్టమని, టీకాలు వేయించమని, అది వేసింది శుభ్రం చేయమని పెంచేవాళ్లకూ చెప్పింది. మనవాళ్లు వాదన వచ్చినప్పుడు ఎవరికి కావలసిన సగం వాళ్లు చదువుతారు. నేనూ అంతే చేశాను. కుక్కను ప్రేమించే సగం నాది, మిగతా సగం ఊడ్చే అత్తది.

అత్త అడిగిన లెక్క ఇక్కడ తేలింది. కంపెనీ రోజుల్లో కుక్కల సమస్యకు మూల్యం కుక్క చెల్లించింది. తర్వాత కుక్క ప్రాణానికి విలువ వచ్చింది, మంచిదే. కానీ వీధిలో మిగిలిన మురికి ఎవరో ఒకరు ఎత్తాలి కదా. ఆ మూల్యం చీపురు పట్టినవాళ్లు చెల్లించారు. తరతరాలుగా వేరేవాళ్ల మురికి ఎత్తే పని కొందరి మీదే పడింది. అది వాళ్లు కోరుకున్న పని కాదు. ఆ కొందరిలో మన తెలుగువాళ్లు కూడా చాలామంది ఉన్నారు. 500 రూపాయల రూల్ చిన్నదే. కానీ అది మొదటిసారి తాడు రెండో కొసకు ఉన్న మనిషిని చూసి, "నువ్వు వంగి ఎత్తు" అని చెప్పింది. అందుకే నాకది పెద్ద రూల్ అనిపించింది.

మోతీ మాది

ఈ వ్యాసం సగం రాశాక ఒక ఆదివారం మా బాపుతో మాట్లాడాను. "వీధి కుక్కకు లైసెన్సు ఏందిరా?" అన్నాడు మొదట. "వీధి కుక్క అయితే గుమ్మం ముందు ఎందుకు పడుకుంటది బాపూ?" అన్నాను. తాత పక్కనుంచి "వాడు చెప్పేది నిజమే, నాకు పొడిచిన సూదులు ఇంకెవరికీ వద్దు" అన్నాడు. ఆ వారమే మోతీకి రేబిస్ టీకా వేయించాం. ఆ కాగితం పెట్టి లైసెన్సుకు దరఖాస్తు చేశాం. మెడకు పట్టా, రెండు మీటర్ల తాడు కొన్నాం. అన్నిటికన్నా కష్టమైన పని పొద్దున ఐదున్నరకు లేవడం.

తర్వాతి మీటింగులో నేను లేచి "మోతీ మాదే. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను. పక్కింటి బాబు వాళ్లమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే రేపటి నుంచి మెట్లు శుభ్రంగా ఉండాలి" అంది. ఉంటున్నాయి.

మొదటి రోజు పాత పేపరు చేతిలో పట్టుకుని కింద నిలబడ్డప్పుడు నాకు చాలా సిగ్గేసింది. ఎవరైనా మా క్లాసువాళ్లు చూస్తారేమోనని చుట్టూ చూశాను. వంగి ఎత్తేటప్పుడు కడుపులో తిప్పింది. అప్పుడు అర్థమైంది, రెండేళ్లుగా అత్త రోజూ నా బదులు వంగిందని. ఎత్తింది తీసుకెళ్లి పాయిఖానాలో వేసి, నీళ్లు పోసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

సార్ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. నేను రాసింది కుక్కల చరిత్ర కాదు సార్. కుక్క "నాది" అనడానికి మనుషులకు ఎంతకాలం పట్టిందో ఆ చరిత్ర. ఊరికి దాదాపు 200 ఏళ్లు, నాకు రెండేళ్లు.

అత్తకు నేనేమీ చెప్పలేదు. ఆమే చూసింది. నాలుగో రోజు వాన పడుతుంటే దగ్గరికొచ్చి, "పేపరు రెండు మడతలు పెట్టు బిడ్డా. ఒక్కటైతే వానకు చినుగుతది" అంది. అప్పటి నుంచి రెండు మడతలే పెడుతున్నాను.